చుక్క కింద పేరు

“ఆ పుస్తకం ఇచ్చి వెళ్ళు,” అన్నాడు తిరకాసు, అలమర తలుపుకి అడ్డంగా నిలబడి.

రంగుల మేస్త్రి తన సామాను సంచిలో సర్దుకుంటున్నాడు. “ఇది నా సొంతం అన్నా. షెడ్డుది కాదు.”

“షెడ్డులో కలిపిన రంగులు షెడ్డువి కావా?”

సొట్టలు తీసిన కార్లకి పాత రంగులో కలిసిపోయేలా కొత్త రంగు వేసే షెడ్డు అది. అట్ట నలిగిన ఆ పుస్తకంలో నూట నలభై మూడు రంగులున్నాయి. ఒక్కోదానికీ ఆ రంగుతోనే పెట్టిన ఒక చుక్క, దాని పక్కన ఏ నంబరు డబ్బాలోంచి ఎన్ని గ్రాములు పోయాలో వివరం. ఆదివారాలు ఇంట్లో కూర్చుని మేస్త్రి ఒక్కడే రాసుకున్నాడు. భార్యకి వేరే ఊరు బదిలీ అయింది. శనివారంతో ఇక్కడ పని ఆఖరు.

ఇంకెవరడిగినా ఇచ్చేసేవాడే. తిరకాసుకి ఇవ్వాలంటేనే ప్రాణం ఒప్పలేదు. ఆ పేరు షెడ్డంతా కలిసి పెట్టింది. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి వేసే మనిషి. తను గన్ను పట్టి రంగు కొట్టడమే కానీ ఏనాడూ ఒక్క రంగు కలిపి ఎరగడు. మేస్త్రి ఏది కలిపినా మాత్రం, “మళ్ళీ ఒకసారి చూసుకో,” అంటాడు. అదీ కారు యజమాని పక్కన నిలబడి ఉన్నప్పుడే.

మేస్త్రి ఓనరు గదిలోకి వెళ్ళాడు. ఓనరు తల ఎత్తకుండానే విన్నాడు.

“సోమవారం నుంచి రంగులు కలిపేది అతనే. ఇచ్చెయ్యి.”

“అతనికా సార్?”

“కొత్త షెడ్డువాళ్ళు నీ గురించి నాకు ఫోన్ చేస్తారు. నాలుగు మంచి మాటలు చెప్పాలా, వద్దా?”

మేస్త్రి మింగలేక, కక్కలేక బయటికొచ్చి పుస్తకం తిరకాసు చేతిలో పెట్టాడు.

తిరకాసు రెండు పేజీలు తిప్పి వెనక్కి తోశాడు. “చుక్క కింద పేరేది?”

“పేరెందుకన్నా? చుక్క కనపడుతోందిగా.”

“పేరు లేకపోతే నాకొద్దు. సగం పుస్తకమే ఇచ్చావని ఓనరుకి చెప్తాను.”

రెండు రోజులు మధ్యాహ్నం అన్నం మానుకుని మేస్త్రి పేర్లు రాశాడు. ఇటుక రంగు, మబ్బు రంగు, నెమలికంఠం, ముదురు వంకాయ. తిరకాసు ఎదురుగా బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటే వేలు పెట్టి చదివాడు. “అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. విడివిడిగా రాయి,” అన్నాడు. మేస్త్రి కొట్టేసి మళ్ళీ రాశాడు. “గుండ్రంగా,” అన్నాడు. మళ్ళీ రాశాడు.

శనివారం సాయంత్రానికి ఇంకా పది పేజీలు మిగిలాయి. వేళ్ళు పీకుతున్నాయి. ఇంటి దగ్గర భార్య సామానంతా కట్టి ఎదురుచూస్తోంది. తిరకాసు గడియారం చూసి, “పుస్తకం పూర్తయ్యేదాకా గేటు దాటేది లేదు,” అన్నాడు.

అప్పుడు మేస్త్రికి ఒళ్ళు మండింది. ఎదురు చెప్పే దారి లేదు. ముదురు ఎరుపు చుక్క కింద ‘ముదురు ఆకుపచ్చ’ అని, దాని కిందున్న ముదురు ఆకుపచ్చ చుక్కకి ‘ముదురు ఎరుపు’ అని రాశాడు. అక్షరాలు విడివిడిగా, గుండ్రంగా. సోమవారం చూసి పళ్ళు కొరుక్కుంటాడు. తన చేత్తో తనే కొట్టేసి దిద్దుకుంటాడు. అంతే కదా అనుకున్నాడు. ఇన్నేళ్ళ సతాయింపుకి తన వల్ల అయింది ఆ రెండు మాటలే.

తిరకాసు ఆ పేజీ కూడా వేలు పెట్టి చదివాడు. తల ఊపి పుస్తకం మూశాడు.

“ఇప్పుడు బాగుంది. వెళ్ళిరా.”

కొత్త ఊళ్ళో చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. తిరకాసు. మేస్త్రి నవ్వు ఆపుకుంటూ ఎత్తాడు.

“అన్నా, ఎలా ఉన్నావు?”

“ఎవరో డాక్టరమ్మ కారొచ్చింది.” తిరకాసు గొంతులో ఎప్పటి విసురు లేదు. “ఏ రంగమ్మా అంటే ముదురు ఎరుపు అంది. నీ పుస్తకంలో పేరు చూసి కలిపాను. తలుపు మొత్తం కొట్టి, ఆరబెట్టి, బయటికి తోయించాను.”

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. “కొట్టేశావా?”

“ఆకుపచ్చ కొట్టానట. ఎర్ర కారుకి ఆకుపచ్చ తలుపు. ఆవిడ ముందు షెడ్డు షెడ్డంతా నవ్వింది. ఓనరు రేపట్నుంచి రావద్దన్నాడు.”

“అన్నా, అది నేను ఊరికే వేళాకోళానికి… నువ్వు చూడగానే తెలిసిపోతుందనుకున్నా. నేను ఓనరుతో మాట్లాడతాను, తప్పు నాదేనని చెప్తాను.”

“వద్దులే. చూడగానే కనిపెట్టలేనివాడికి రంగుల దగ్గర పనేంటన్నాడు. అతని మాటా నిజమే.”

“అన్నా…”

“తిట్టడానికి చెయ్యలేదు. ఒక్కటి అడుగుదామని చేశాను.” తిరకాసు గొంతు తగ్గించాడు. “ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా నా కళ్ళకి తెలీదని నా పెళ్ళానిక్కూడా చెప్పలేదు. నీకెలా తెలిసింది?”