ఖాళీ గడి

"సార్, వంశీ గడి ఖాళీగానే ఉండాది" అంది లిఖిత.

ఆత్మకూరు డిగ్రీ కాలేజీ ల్యాబులో తెరనిండా డిజిటల్ వైట్‌బోర్డు పరుచుకుని ఉంది. ముగ్గురు కలిసి చేయాల్సిన ప్రాజెక్టు, బోర్డుమీద తలా ఒక గడి: లిఖితకు చెరువులు, రజితకు బావులు, వంశీకి బోర్లు. లింకు నొక్కి పేరు కొడితే చాలు, ఎవరి ఊళ్ళో ఉండి వాళ్ళు రాసుకోవచ్చు. ఒకరిది ఇంకొకరు రాస్తే మాత్రం ఇద్దరికీ సున్నా అని సురేంద్రబాబు సార్ మొదటిరోజే చెప్పాడు.

నిజానికి లిఖిత ఈ వారం తన ఊరు ఉదయగిరిలో లేనేలేదు, నెల్లూరు ఆస్పత్రిలో అవ్వ మంచం పక్కనే ఉండిపోయింది. "నా గడి ఎవరన్నా చూడండి" అని గ్రూపులో పెడితే, "చూస్తాంలేవే" అంది రజిత. వంశీ పలకనైనా లేదు. ఆ మంట లిఖితకింకా చల్లారలేదు. పొద్దున బస్సులో ఫోన్ తెరిస్తే తన గడి నిండి ఉంది. హమ్మయ్య అనుకుని మూసేసింది.

"ఏరా వంశీ, మెడలో ట్యాగ్ కూడా లేదే?" అన్నాడు సార్.

"గొర్రెపిల్లకు గంట తాడు తెగిపోయింది సార్. ట్యాగుతో కట్టినా."

"దాన్నే పంపించకపోయినావా, హాజరేసేవాణ్ణి."

అందరూ నవ్వారు. లిఖిత నవ్వలేదు. "గడి ఖాళీగా ఉంటే మాకూ మార్కులు తగ్గుతాయి సార్. పేరు తీసేయండి."

"ఏం చెప్తావురా?"

వంశీ లిఖిత వైపోసారి చూశాడు. "తీరలేదు సార్."

సార్ పేరు కొట్టేశాడు.

"ఈసారి తప్పితే చదువు మానేసి మందెంట పొమ్మన్నాడు మా నాయన" అంటూ వంశీ సంచీ తీసుకున్నాడు. తన ఊరు మర్రిపాడు వెళ్ళే బస్సుకు వేళైంది. గుమ్మం దగ్గర ఆగాడు. "మీ అవ్వకెట్టుండాది లిఖితా?"

"తగ్గింది" అంది లిఖిత, ఎటో చూస్తూ. అతను వెళ్ళిపోయాక మనసులో ఏదో కలుక్కుమంది. అంత మాట అనకుండా ఉండాల్సింది.

సార్ ఆమె గడి తెరిచాడు.

"ఆస్పత్రిలో కూచోని ఇంత బాగా ఎట్ట రాసినావే?" గుసగుసగా అడిగింది రజిత.

"అదేంది? రాసింది నువ్వు గదా?"

"నాది ముగించుకునేసరికే సరిపోయింది. నేనెక్కడ రాసినా?"

తెరమీద చెరువు ఫోటో పెద్దదైంది. గట్టువార నీళ్ళు తాగుతున్న గొర్రెలు, వాటి వెనక ఒక గొర్రెపిల్ల.

దాని మెడలో కాలేజీ ట్యాగ్ ఉంది.