చివరి అంకె

"ఆ సున్నా ఎవరు కొట్టారు?" అన్నాడు మేనేజరు అబూ ఘైస్.

గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది అందరికీ. ఆయన అరిచే రోజుల్లోనే ఆఫీసులో హాయిగా ఉండేది.

గోడ మీది తెరలో ఒకే ఒక్క వరస కనిపిస్తోంది. నీటి సంస్థ కోసం వాళ్లు తయారుచేసిన సాఫ్ట్‌వేర్, తనలో జరిగే ప్రతి సంగతినీ ఒక కోడ్‌తో రాసిపెట్టుకుంటుంది. ముందుండే అక్షరాలు ఎక్కడ జరిగిందో చెబుతాయి. నడిమి అంకెలు ఏం జరిగిందో చెబుతాయి. చివరి అంకె, దాన్ని ఎంత పట్టించుకోవాలో చెబుతుంది. చివర అయిదుంటే కంట్రోల్ రూములో గంట మోగుతుంది, మనిషి పరిగెత్తుతాడు. సున్నా ఉంటే గుట్టుగా రాసుకుని ఊరుకుంటుంది.

'వేళ దాటినా వాల్వు మూసుకోలేదు' అన్న సంగతికి చివర సున్నా ఉంది.

అరబ్బుల నగరం అమ్మాన్‌లో ఒక్కో కొండకీ వారానికొకసారే నీళ్ల వంతు. సుమ్మాక్ కొండ మీది పాత వాల్వు మొరాయిస్తుందని ఆఫీసులో అందరికీ తెలిసిందే. అది బిగుసుకుపోయి, వేసవంతా వంతు దాటాక కూడా తెరుచుకునే ఉండిపోయింది. గంట మోగలేదు. ఆ మేరకు అవతలి కొండకి నీళ్లు తగ్గాయి. అక్కడి రొట్టెల బట్టీ నీళ్లు లేక మూతపడింది. ఫిర్యాదు పైదాకా వెళ్లింది.

"సాయంత్రంలోగా ఒక పేరు పంపమన్నారు. పంపిన పేరు ఇక ఇక్కడ ఉండదు. ముందే చెబుతున్నాను," అన్నాడు అబూ ఘైస్.

అరీజ్ కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఏ సంగతికి ఏ అంకె వెయ్యాలో తేల్చి, బోర్డు మీద రాసింది ఆమే. ఆ బోర్డును ఎప్పుడో తుడిచేశారు. దాన్ని చూసి కంప్యూటర్లోకి ఎక్కించింది వజ్దీ. ట్యునీషియా నుంచి వచ్చి చేరినవాడు.

వజ్దీ చెయ్యెత్తాడు. "నేనే ఉస్తాద్. బోర్డు మీద సున్నా చూశాను. సున్నాయే కొట్టాను."

ఉన్నట్టుండి పక్క సీటు హుస్సామ్ బల్ల చరిచి పకపకా నవ్వాడు.

"ఒరే మగ్రిబీ! అది అయిదురా నాయనా! మా అయిదు!"

అందరికీ ఒక్కసారే వెలిగింది. అమ్మాన్‌లో చేత్తో రాసే అయిదు అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. వాళ్ల సున్నా వట్టి చుక్క. వజ్దీ మాత్రం మగ్రిబీ, అంటే పడమటి అరబ్బు దేశంవాడు. వాళ్ల దేశంలో బడి నుంచీ మనం రాసే అంకెలే రాస్తారు.

"వచ్చిన కొత్తలో షవర్మా కొట్టు ముందు అయిదు అని రాసుంటే, ఊరికే ఇస్తున్నారనుకుని రెండు లాగించాడు వీడు!" అన్నాడు హుస్సామ్. "కొట్టువాడు వీధి చివరిదాకా తరిమాడు."

"చివరిదాకా కాదులే, మసీదు దాకా," అన్నాడు వజ్దీ. తనూ నవ్వాడు.

అరీజ్ నవ్వలేకపోయింది. "నా రాత..." అంది.

"నీ రాతకేమమ్మా, ముత్యాల్లా ఉంటుంది," అన్నాడు అబూ ఘైస్. వజ్దీ వైపు తిరిగాడు. "నువ్వు పొరబడ్డావంటే నేను నమ్ముతానయ్యా. పైవాళ్లు నమ్మాలిగా. ఇంతకీ నువ్వుండేది ఏ కొండ మీద?"

"సుమ్మాక్ కొండ, ఉస్తాద్."

నవ్వులు ఆగిపోయాయి.

వజ్దీకి అక్కడ గది చూసిపెట్టింది అరీజే. ఆమె మేనత్త హాజ్జా ఫిక్రియ్యా ఇంటి మేడ మీది గది అది. ఈ వేసవిలో ఓ శుక్రవారం భోజనానికి వెళితే, మేనత్త ట్యాంకు మూత ఎత్తి మురిసిపోతూ చూపించింది.

"చూడవే, అంచుదాకా! నిరుడు ట్యాంకరువాడి గడ్డం పట్టుకుని బతిమాలాం. ఈ ఏడు దేవుడు కుళాయి కట్టెయ్యడం మరిచిపోయాడు. నువ్వు గుర్తు చెయ్యకు!"

అందరూ నవ్వారు. వజ్దీ తలారా స్నానం చేసి, తడి జుట్టుతో వచ్చి పక్కన కూర్చున్నాడు. అరీజ్ మక్లూబా అన్నం పళ్లెం పక్కకి జరిపింది. మేనత్త నీళ్ల గ్లాసు అందించింది. అదీ ముట్టలేదు.

సాయంత్రం అరీజ్ అబూ ఘైస్ గదికి వెళ్లింది. చెప్పాల్సిన మాటలన్నీ మెట్ల మీద కూడగట్టుకుంది. తలుపు దగ్గరికి వచ్చేసరికి సగం రాలిపోయాయి.

"వజ్దీ పేరు పంపకండి ఉస్తాద్. రాసింది నేను. నా పేరు పంపండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయిదుని అయిదులాగే రాశావు. మా తాతా అలాగే రాశాడు. దానికి నిన్నెలా బలిపెట్టమంటావు? ఇంటికెళ్లమ్మా. ఇప్పుడే పంపేశాను."

ఉద్యోగం పోతే వజ్దీకి ఆ దేశంలో ఉండే అనుమతి కూడా పోతుంది.

మర్నాడు మధ్యాహ్నం అతను బల్ల ఖాళీ చేస్తున్నాడు. సొరుగులోంచి తీసిన హరీసా కారం సీసా హుస్సామ్ చేతిలో పెట్టాడు. "అలవాటు లేనివాడివి, వేలితో నాకకు. ఏడుస్తావ్," అన్నాడు. హుస్సామ్ సీసా తెరవకుండానే కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

అరీజ్ దగ్గరికి వచ్చి నిలబడింది. అతని ముఖంలోకి చూడలేక సంచీ వైపు చూసింది.

"నన్ను క్షమించు వజ్దీ. నా రాత సరిగ్గా ఉండుంటే నీకీ..."

"మీ రాతకేం తప్పులేదక్కా," అన్నాడు వజ్దీ గొంతు బాగా తగ్గించి, "ఆ రోజు బోర్డు మీద మీరు పెట్టింది చుక్కే, చుక్కని చదవడం నాకు వచ్చు."