మచ్చ బ్రష్

"ఏంది పాపా, ఇది నా చెయ్యి గదా?"

వెనక మరగతం గొంతు వినగానే పల్లవి చటుక్కున వెనక్కి తిరిగింది. యానిమేషన్ స్టూడియో ఊడ్చే మరగతం, కాలిన చేతిని ఎప్పుడూ కొంగులోనే దాచుకుంటుంది. ఆమెకు తెలియకుండా ఆ మచ్చను ఫోటో తీసి, కంప్యూటర్లో బొమ్మలు చెక్కే బ్రష్‌గా మార్చింది పల్లవి. ఒత్తిన చోటల్లా అదే మచ్చ పడి, తెరమీది రాక్షసి ముఖమంతా నిండిపోయింది.

ఆమె అరిస్తే స్టూడియో నడిపే సారు వస్తాడు. తన ఉద్యోగం పోతుంది. పల్లవి బొమ్మను చెరిపేయబోయింది.

"ఉండు. నాకుండేది ఒక్క మచ్చ. దీనికి ముప్పై పెట్టినావే!"

"తప్పయిపోయింది అక్కా..."

మరగతం తెరకు దగ్గరగా వంగి రాక్షసిని చూసింది. కొంగు తొలగించి, చేతిని లైటు కింద చాపింది.

"దొంగచాటుగా తీస్తే సరిగ్గా యాడొస్తాది? మళ్ళా తీసుకో. ఈసారి అడిగి తీసుకో."

పల్లవి ఫోను అందుకుంది. దొంగతనం చేసినప్పటికంటే, అడగడానికే ఎక్కువ భయమేసింది.