పద్నాలుగో నంబరు సిపాయి

"అన్నా, ఆపు! కొంచెం వెనక్కి పో... అదిగో, అక్కడ!"

ఎడిటర్ బొమ్మ ఆపాడు. తెర మీద రోము సైన్యం కత్తులెత్తి కేకలు పెడుతోంది. ముందు వరసలో ఒక సిపాయి ఎత్తిన చేతికి ఆకుపచ్చ బెల్టు వాచీ ఉంది. రెండువేల ఏళ్లనాటి సిపాయికి!

ఆపమని అరిచింది కంటిన్యుటీ అమ్మాయి. షాటుకూ షాటుకూ తేడా రాకుండా, వేషాల్లో తప్పు దొర్లకుండా చూడటమే ఆమె ఉద్యోగం.

"చెరపడానికి గంట పట్టదు," అన్నాడు ఎడిటర్, ఆ ఫ్రేము ఫోటో తీసి ఆమె చేతిలో పెడుతూ. "కానీ ఖాయమైన సీను. ఆయన సంతకం లేకుండా ముట్టుకుంటే నా చేతులు విరగ్గొడతాడు. నువ్వెళ్లి చెప్పు."

"నేనా?"

"మరి నేనా? నాకు పెళ్లాం పిల్లలున్నారు."

ఆయనంటే డైరెక్టరు. చాటుగా అందరూ పెద్దపులి అంటారు. ఈ సినిమా మొదటి భాగంలో చక్రవర్తి నెత్తిమీదుగా విమానం పోయింది. పన్నెండేళ్లయినా జనం నవ్వడం మానలేదు. అప్పటి కంటిన్యుటీ అతన్ని మళ్లీ ఏ స్టూడియో గడప తొక్కనివ్వలేదు. రెండో భాగం కోసం లోకమంతా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. ఈ సాయంత్రం నాలుగింటికి సినిమా చెయ్యి దాటిపోతుంది.

ఆమె చెప్పింది. ఎలా చెప్పిందో ఆమెకే తెలియదు.

"వాచీయా?" పెద్దపులి కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "విమానం చాలలేదా? ఎవడు వాడు?"

"హెల్మెట్లో మొహం కనబడలేదు సార్. ఇదిగో ఫోటో. మీరు సంతకం పెడితే..."

"ఫోటో ఎవడిక్కావాలి? ముందు వాణ్ణి తెచ్చి నా ఎదుట నిలబెట్టు. మూడింటిలోగా వాడు దొరక్కపోతే వాడి బదులు నువ్వే. ఇంకే సినిమాకీ పనికిరావు!"

ఆమె మెట్లు ఎలా దిగిందో దేవుడికెరుక. కాస్ట్యూముల గదిలో ముసలి దర్జీ చిరిగిన అంగీ కుడుతున్నాడు. ముందు వరసలో ఎడమ నుంచి లెక్కపెడితే వాచీవాడు పద్నాలుగోవాడు. దర్జీ తన పుస్తకం తిరగేశాడు.

"పద్నాలుగా? వాడు ఆరోజు ఎండకి సొమ్మసిల్లి పడిపోయాడు తల్లీ. వాడి వేషం ఇంకొకరు వేసుకున్నారు."

"ఎవరు బాబాయ్?"

దర్జీ సూదిలో దారం ఎక్కించబోయి మూడుసార్లు తప్పాడు. "నన్నడక్కు."

"చెప్పకపోతే నా ఉద్యోగం ఊడుతుంది!"

"చెబితే నాది ఊడుతుంది."

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ముసలాయన మనసు కరిగింది. లేచి వెళ్లి తలుపు వేసి, ఆమె చెవిలో చెప్పాడు. అంతవరకూ ఉన్న భయం పోయింది. దాని స్థానంలో పదింతల భయం వచ్చి కూర్చుంది.

ఆమె తిరిగి మెట్లెక్కింది. చెప్పినా పోయేదే, చెప్పకపోయినా పోయేదే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"దొరికాడా?" పెద్దపులి గాండ్రించాడు.

"దొరికాడు సార్."

"ఏడీ? లోపలికి రమ్మను!"

ఆమె ఫోటోను బల్ల మీద, ఆయన ముందు పెట్టింది.

"సార్... ఒక్కసారి టైమెంతయిందో చూస్తారా?"

పెద్దపులి విసుగ్గా చొక్కా చెయ్యి పైకి లాగాడు. ఆకుపచ్చ బెల్టు వాచీ ఉన్న ఆ చెయ్యి సరిగ్గా ఫోటో పక్కనే ఆగిపోయింది.