ఆరు తలల ప్రోటీన్

"ఒక్కటే గుద్దు. సుభాష్‌గాడి మొహం పనసకాయైపోయింది," అన్నాడు బెన్నీ అమలాపురం కాలేజీ గేటు దగ్గర. మబ్బు పట్టినా తలకి తువ్వాలు చుట్టుకునే ఉన్నాడు. "పళ్ళు గోదావరి దాటి జొన్నాడలో పడ్డాయంట."

నవ్వుతున్నవాళ్ళు ఉన్నట్టుండి చెదిరిపోయారు. వెనక నుంచి ఓ చెయ్యి బెన్నీని గోడకేసి బాదింది. సుభాష్ నాన్న త్రిమూర్తులు. కొబ్బరి దింపు తీసే కత్తి బెన్నీ మణికట్టు మీద ఆనింది.

"గుద్దిన చెయ్యి ఇదేనా బాబూ? ఎల్లుండి మావోడికి కువైట్ ఇంటర్వ్యూ. కళ్ళూ నోరూ తెరుచుకోట్లేదు. గెల కోసినట్టు కోసేస్తాను."

"నేను ముట్టుకోలేదండీ. వాడి రక్తమే వాణ్ణి కొట్టిందండీ."

కత్తి చర్మంలో దిగింది. రక్తం మోచేతి దాకా కారింది.

"నిజం బాబాయ్‌గారూ. రక్తంలో సీ వన్ క్యూ అని ఆరు తలల ప్రోటీన్ ఉంటదండీ. కొలాజెన్‌లాగే మూడు పేటలు పేనిన తాళ్ళు ఆరు, కొసకో తల. శత్రువుని పట్టుకుని ముఠాని కేకేస్తది. వాళ్ళొచ్చి తూట్లు పొడిచి చంపేస్తారు. ఆ కొట్లాటకే వాపండీ. మొహం మీద ఆరు చుక్కలున్నాయి కదా, ఆ తలలే తొంగిచూస్తున్నాయండీ."

గొడవ విని జువాలజీ మేడమ్ ఝాన్సీ పరిగెత్తుకొచ్చారు. త్రిమూర్తులు ఫోనులో కొడుకు ఫొటో చూపించాడు.

"తలలు తొంగిచూడవండీ. మిగతాది నిన్న నేను చెప్పిన పాఠమే. ఇవి కందిరీగ కుట్లు. విషం మీదకి ఒంట్లోని ముఠా అంతా ఎగబడింది. గుద్దితే ఇలా చుక్కలు పడవు."

కత్తి వెనక్కి వెళ్ళింది. త్రిమూర్తులు తన సైకిలుకి కట్టిన గెలలోంచి అదే కత్తితో బొండం కొట్టి బెన్నీకిచ్చాడు. "పొరపాటైపోయింది బాబూ. ఇంతకీ ఎక్కడ కుట్టేయో."

"లేబ్ వెనక కొబ్బరిచెట్టు కిందండీ," అన్నాడు బెన్నీ, బొండం ఎత్తుతూ.

"ఆ చెట్టా? మొన్న దింపుకి నేనే ఎక్కేను. కందిరీగల పట్టు చూసి గెల ముట్టుకోకుండా దిగిపోయేను. ఎవడో కదిపితే తప్ప అవి లేవవు బాబూ."

బొండం గాల్లోనే ఆగింది.

"బెన్నీ, ఆ తువ్వాలు తియ్యి," అన్నారు మేడమ్.

నుదుటి మీద మూడు చుక్కలు. బెన్నీ బొండం కింద పెట్టి, నెత్తురోడుతున్న కుడిచెయ్యి ముందుకు చాపాడు.

"రాయేసిన చెయ్యి ఇదేనండీ."