వదిన ఎప్పుడు కంటుంది?

"ఈ వారంలో కనేయాలి వదినా. ఇక నా చేతుల్లో ఏం లేదు," అన్నాడు డైరెక్టరు.

వదిన కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట మీద చెయ్యేసుకుని, అతన్ని ఎగాదిగా చూసింది.

"కనమనగానే కనడానికి నేనేమైనా కోడిపెట్టనా మరిదీ?"

లైట్లు సర్దుతున్నవాళ్లు కిసుక్కుమన్నారు. డైరెక్టరుకి మాత్రం నవ్వు రాలేదు. పొద్దున్నే చానల్ పెద్దాయన ఫోన్లో దులిపేశాడు మరి. "ఏనుగైనా ఈపాటికి ఈనేసేదయ్యా! ఆవిడ కడుపు దించి, కథ కొత్త జంట మీదికి తిప్పు," అన్నాడు.

ఆయన మాటలోనూ అబద్ధం లేదు. సీరియల్లో ఆమె నెలలు నిండిన కోడలు. ప్రతి వారం నొప్పులొస్తాయి, ఇల్లంతా పరుగులు పెడుతుంది, బండి ఎక్కాక నొప్పులు ఎటో పోతాయి. అంతకుముందు ఏళ్ల తరబడి ఆమెకి దొరికినవన్నీ తలుపు తీసి "అమ్మగారు లేరండీ" అనే వేషాలే. ఒక్కరోజు కోసమని దిండు కట్టుకుని వచ్చి, బాతులా నడిచి, మొగుణ్ణి నాలుగు మాటలంది. అంతే, జనానికి తెగ నచ్చేసింది. ఆ రోజు నుంచీ కాన్పు వాయిదాల మీద వాయిదాలు పడుతోంది, ఆమె స్టూడియోలో అందరికీ వదిన అయిపోయింది.

కడుపు దిగితే నవ్వు పోతుంది. నవ్వు పోతే వేషం పోతుంది. ఆ సంగతి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఇంకో రెండు నెలలు మోయనివ్వు మరిదీ," అంది ఈసారి గొంతు తగ్గించి. "ఆ తర్వాత నువ్వు వద్దన్నా కనేస్తా."

"జాలి పడితే సీరియల్ నడవదు వదినా."

నిజమే, అతను జాలిపడే రకం కాదు. మామగారి వేషగాడు కాలు విరగ్గొట్టుకుంటే, మామగారికి తమ్ముణ్ణి పుట్టించి కథ నడిపాడు. ఆడపడుచు వేసే పిల్ల కాన్పుకి సెలవడిగితే, మర్నాటికల్లా ఆ వేషంలో ఇంకో పిల్లని నిలబెట్టాడు.

అయినా వదిన మీద అతనికి లోపల గురి ఉంది. పనంటే ప్రాణం పెడుతుంది. ఈమధ్య కెమెరా ఆగినా నడుం మీద చెయ్యి తియ్యదు, ఆయాసపడుతూనే మెట్లెక్కుతుంది. బట్టలు చూసే కుట్టు పిన్ని ఆమె వెనకాలే కుర్చీ మోసుకు తిరుగుతుంటే, "దిండుక్కూడా అలుపొచ్చిందా పిన్నీ?" అని కుర్రకారు ఏడిపిస్తారు. ఒకప్పుడు ఆ దిండు పక్కకి జారి ఎన్ని షాట్లు పాడుచేసేదో! ఇప్పుడు పిన్ని ఎలా కడుతోందో ఏమో, ఇసుమంతైనా కదలదు.

"సరే, ఒక్క దారుంది," అన్నాడు డైరెక్టరు. "ఇవాళ మెట్ల మీంచి దొర్లు. జనం పడీపడీ నవ్వాలి. అది చూపించి పెద్దాయన్ని నేను ఒప్పిస్తా."

కుట్టు పిన్ని చేతిలో సూది ఆగిపోయింది.

"పడను," అంది వదిన.

"మంచం మీంచి దొర్లావు, నీళ్ల తొట్టిలో పడ్డావు. ఇప్పుడేం వచ్చింది? దిండుంది కదా, దెబ్బేం తగలదు."

"పడితే ఒక్కసారే నవ్వుతారు మరిదీ. పడుతుందేమో, పడుతుందేమో అనిపిస్తే పడేదాకా నవ్వుతారు. నన్ను నా మానాన చెయ్యనివ్వు. నవ్వు రాలేదా, రేపే కనేస్తా."

"ఒక్క టేకే," అన్నాడు డైరెక్టరు.

మెట్ల కింద మొగుడి వేషం వేసే బక్కాయన చేతులు చాచి నిలబడ్డాడు. సీను ప్రకారం పైమెట్టు మీద నూనె ఒలికినట్టు ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క కోడలికి తప్ప. ఆమె కాలు ముందుకి చాచింది. బక్కాయన గుండె పట్టుకున్నాడు. కాలు వెనక్కి తీసుకుంది.

"ఏవండీ, పట్టుకుంటారా?"

"పట్టుకుంటానే!"

"పెళ్లినాడు కూడా ఇలాగే అన్నారు. కొంచెం ఎడంపక్కకి జరగండి. అంత కాదు. ఏం తిన్నారు పొద్దున?"

"నువ్వేం పెట్టావని తినడానికి?"

"మరి బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? తినేసి రండి, నేనిక్కడే ఉంటా."

బక్కాయన ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ గెంతి గెంతి చేతులు పీకేసి, ఆఖరికి తనే రెండు మెట్లెక్కి, జారి, దభీమని కిందపడ్డాడు. వదిన నూనె పక్కనించి, కమ్మీ పట్టుకుని, తాపీగా దిగొచ్చి అతని పక్కన ఆగింది.

"లేవండి. ఆస్పత్రిలో ముందు మిమ్మల్ని చేర్పించి, తర్వాత నేను చేరతా."

కెమెరా పట్టుకున్నవాడి భుజాలు ఊగిపోయాయి. "కట్" అనబోయిన డైరెక్టరు నోట్లోంచి నవ్వే వచ్చింది. ఆ ముక్క చూసి చానల్ పెద్దాయన కూడా కరిగిపోయాడు. "సరే, రెండు నెలలు ఉంచు. ఆవిడ వేషానికి ఢోకా లేదని చెప్పు. కాగితం మీద రాసిస్తున్నా," అన్నాడు.

ఈ కబురు తనే చెప్పాలని డైరెక్టరు బట్టల గది వైపు గబగబా నడిచాడు. గది బయట బల్ల మీద కుట్టు పిన్ని ఆదమరిచి నిద్రపోతోంది. తలకింద దిండు. దాని నాడాలు బల్ల అంచుకి వేలాడుతున్నాయి. చూసి గుర్తుపట్టి, వదిన వేషం విప్పేసి వెళ్లిపోయిందనుకున్నాడు.

"పిన్నీ, వదిన ఇంటికెళ్లిపోయిందా?"

"లేదు మరిదీ, ఇదిగో వస్తున్నా," అని లోపల్నుంచి కేకేసింది వదిన.

తలుపు తెరుచుకుంది. మొహాన రంగు కడుక్కుని, ఇంటి బట్టలు కట్టుకుని, ద్వారబంధం మీద చెయ్యి ఆనించి మెల్లగా బయటికొచ్చింది.

పొట్ట కూడా ఆమెతోనే వచ్చింది.