కొంగల చుట్టూ రోడ్డు

మా కోడలు రోడ్ల ఇంజనీరు. ఆసుపత్రికి వెళ్లే కొత్త రోడ్డుని తిన్నగా వెయ్యనివ్వకుండా, కొంగలు గూళ్లు కట్టే చిత్తడినేల చుట్టూ తిప్పించింది. "కొంగలు మీ పుట్టింటోళ్లా ఏంటమ్మా?" అని రోజూ ఏడిపించేవాణ్ణి.

నిన్న అంబులెన్సు ఆ చుట్టు తిరుగుతుండగానే మా ఆవిడ ప్రాణం పోయింది.

కోడలు మంచినీళ్లు కూడా ముట్టలేదు. "రోడ్డు తిన్నగా వేసుంటే అత్తయ్య దక్కేది మావయ్యా!"

"పిచ్చిపిల్లా! అక్కడ డ్రైవరుని మీ అత్తయ్య ఎన్ని తిట్లు తిట్టిందో తెలుసా? హారన్ ఆపరా, మా కోడలి పుట్టింటోళ్లు పడుకున్నారు అని!"

కోడలు ఏడుస్తూనే నవ్వి, గ్లాసు అందుకుంది.

అంబులెన్సు ఎక్కించేసరికే మా ఆవిడకి మాట పడిపోయింది. డ్రైవరుని తిట్టింది నేను, హారన్ ఇంకా గట్టిగా కొట్టమని.